అట్లకాడ చప్పుడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ వస్తువు కనిపించకపోయినా, ఎవరు తీశారని ఎవరూ అడిగేవారు కారు. తీసినవాడికి రెండేళ్ళు. నడక వచ్చింది, పరుగు వచ్చింది, మాట మాత్రం ఒక్కటే వచ్చింది. చెంబేదిరా అంటే "నేదు". చెప్పేదిరా అంటే "నేదు". అన్నం తింటావా అన్నా అదే. వాడు మా తమ్ముడు.

డెబ్బై దాటిన ఈ వయసులో ఆ రోజులు మళ్ళీ గుర్తుకు రావడానికి మా మనవరాలే కారణం. దానికిప్పుడు రెండున్నరేళ్ళు. రాజాంలో ఒక ఇనుప సామాన్ల కొట్టు మీద, పై వాటాలో అద్దెకుంటున్నాం. ఉన్నవి మూడు గదులు. మూడు గదుల ఇంట్లో వస్తువులు ఎక్కడికి పోతాయని ఎవరైనా అనుకుంటే, వాళ్ళింట్లో ఈ వయసు పిల్ల లేదన్నమాట. టీవీ రిమోటు బియ్యం డబ్బాలో దొరుకుతుంది. నా పళ్ళ పొడి డబ్బా తలగడ గలీబులో దొరుకుతుంది. నా చెప్పుల జతలో ఒకటి ఉంటుంది, ఒకటి ఉండదు. అన్నం తినిపించాలంటే సెల్‌ఫోనులో పాటలు పెట్టాలి. పాట అయిపోతే నోట్లో ముద్ద బయటికి వస్తుంది. స్నానం చేయించడానికి ఒక గంట, చేయించాక గౌను తొడగడానికి ఇంకో గంట. తొడిగిన గౌను విప్పుకోవడానికి దానికి ఒక్క నిమిషం చాలు. నేను ఇంతవరకు ఏ ఆఫీసరు ముందూ, ఏ నాయకుడి ముందూ నడుం వంచినవాణ్ణి కాను. ఈ పిల్ల దాచిన వస్తువుల కోసం రోజుకు పదిసార్లు మంచం కిందికి వంగుతున్నాను.

మొన్న ఒక ఉదయం కుక్కరు విజిల్ పోయింది. మా అబ్బాయి అప్పటికే ఎచ్చెర్ల బస్సెక్కేశాడు. కోడలు ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. ఎనిమిదింపావుకు వీధి చివరికి స్కూలు బస్సు వస్తుంది. పొయ్యి మీద కుక్కరు బుస కొడుతోంది, మీద పెట్టడానికి విజిల్ లేదు. కోడలు బతిమాలింది, గదమాయించింది, చాక్లెట్ చూపించింది. మనవరాలు వంటింటి మధ్య బోసిమొలతో నిలబడి మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది తప్ప కదల్లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. గట్టిగా ఒక్క కేక వేయబోయాను. ఆ కేక గొంతులో ఉండగానే మా ఊరి ఇల్లు, వెనక వసారా, అట్లకాడ చప్పుడు గుర్తుకొచ్చాయి.

మాది పెద్దిల్లు. గొప్ప చెప్పుకోవడం కాదు, ఊళ్ళో దాని పేరే అది. ఏడాది పొడుగునా మా ఊరి అమ్మవారి వెండి కళ్ళు మా ఇంట్లోనే ఉండేవి. నిలువెత్తు టేకు పెట్టెలో, పట్టుగుడ్డలో చుట్టి ఉంచేవారు. పండగనాడు మొదటి ఘటం డప్పులతో మా గుమ్మంలోకి రావాలి. మా తాతయ్య పట్టుపంచె కట్టుకుని ఆ కళ్ళను ఇత్తడి పళ్ళెంలో పెట్టి అందించాలి. పూజారి వాటిని తీసుకెళ్ళి అమ్మవారి ముఖానికి పెడితే పండగ మొదలవుతుంది. ఎన్ని తరాల నుంచి వస్తున్న మర్యాదో మాకూ తెలియదు, ఊరికీ తెలియదు.

మర్యాద మిగిలింది కానీ, తక్కినవి ఒక్కొక్కటే జారిపోతున్నాయి. భూములు పోయాయి. పాలేర్లు పోయారు. ఆ సంగతి ఊరికి తెలుసు. తెలియనిది లోపల ఇంకా ఏం మిగిలిందన్నదే. దాని మీద రచ్చబండ దగ్గర వాదనలు జరిగేవి. పెద్దింటి వాళ్ళు అమ్మవారి కళ్ళు కూడా కరిగించేశారేమో, ఈ ఏడు చూద్దాం అని ఎవరో నవ్వుతూ అన్న మాట పండగకు నెల ముందే మా తాతయ్య చెవిన పడింది. ఆయన ఆ నెలంతా పెట్టె తాళంచెవిని మొలతాడుకి కట్టుకునే తిరిగారు. అది జానెడు పొడవున్న ఇనుప తాళంచెవి. నడుస్తుంటే తొడకు తగిలి చప్పుడయ్యేది.

పండగనాటి ఉదయం తలంటు పోసుకోవడానికి దాన్ని విప్పి వెనక వసారాలో కిటికీ గట్టు మీద పెట్టారు. తలంటి వచ్చేసరికి గట్టు ఖాళీగా ఉంది.

ఆ తప్పు నాది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళడంతో, నాన్న పొద్దున్నే గుడి దగ్గర పనులకు పోవడంతో తమ్ముణ్ణి కాపలా కాసే పని నాకు అప్పగించారు. వీధిలో డప్పుల వాళ్ళు డప్పులు కాచుకుంటున్నారు. మంట మీద తోలు బిగిసే వాసన వస్తుంటే నేను వీధరుగు మీదికి పరిగెత్తాను. కాసేపే. ఆ కాసేపు మా తమ్ముడికి చాలా ఎక్కువ.

తరువాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ విసుగొస్తుంది. నాన్నమ్మ బెల్లంముక్క ఆశ చూపింది. వాడు బెల్లం తిని "నేదు" అన్నాడు. నేను బూచోణ్ణి పిలుస్తానన్నాను. వాడు నా వెనక్కి చూసి, బూచోడు రాకపోయేసరికి నవ్వాడు. తాతయ్య పట్టుపంచెతో వచ్చి వాణ్ణి వసారాలో తన ఎదురుగా నిలబెట్టించారు. ఊరి తగువులు తీర్చినట్టే కూర్చుని, తాళంచెవి తీసిన మాట నిజమా అని అడిగారు. వాడు ఆయన మీసాల వంక చాలాసేపు చూశాడు. ఎత్తుకోమని చేతులు చాచాడు. ఆయన ఎత్తుకున్నారు. మెత్తబడ్డాడు, ఇప్పుడు చెబుతాడు అనుకుని మేమంతా ముందుకు వంగాం. వాడు పట్టుపంచె నిండా పాసు పోశాడు.

పెట్టెను పగలగొడదామని నాన్నమ్మ మెల్లగా అంది. పండగనాడు అమ్మవారి పెట్టె మీద గొడ్డలి వేసే చెయ్యి ఈ ఇంట్లో లేదని తాతయ్య అన్నారు. కమ్మరిని పిలిస్తే పెట్టె తెరుచుకునే లోపు ఊరంతా గుమ్మంలో ఉంటుంది. ఘటం అప్పటికే వీధి మొదట్లో లేచింది. మా గుమ్మానికి వచ్చేదాకా ఏ ఇంటి ముందూ ఆగదు కనుక అరగంటలో వస్తుంది. చేతిలో కళ్ళు లేకుండా మా తాతయ్య గుమ్మంలో నిలబడవలసి వస్తుంది. తాళంచెవి పోయిందని చెబితే ఎవరు నమ్ముతారు?

ఇదంతా పెరట్లో కూర్చున్న ఒక మనిషి చూస్తూనే ఉంది. సముద్రం పక్క ఊరి నుంచి నెత్తి మీద గంపతో వచ్చే ఎండుచేపల ముసలమ్మ. నాన్నమ్మ ఆమె దగ్గర నెత్తళ్ళు తీసుకునేది. ఆమె వస్తే తాతయ్య ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయేవారు. ఆమెతో ఎప్పుడూ మాట్లాడింది లేదు. పది ఊళ్ళు, ఊరికి ఇరవై గుమ్మాలు తిరిగే మనిషి. ఎవరింట్లో పెళ్ళి కుదిరింది, ఎవరింట్లో అత్తాకోడళ్ళు ఎడమొహం పెడమొహంగా ఉన్నారు, అన్నీ ఆమె గంపతోపాటే ఊరూరా తిరిగేవి. అలాంటి మనిషి ఆ రోజు ఆ సమయానికి మా పెరట్లో ఉండడం మా తాతయ్యకు ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఇప్పుడు ఊహించగలను.

ఆమె నాన్నమ్మతో అన్నట్టుగా, తాతయ్యకు వినబడేలా అంది. "మీరందరూ ఆడి మీద కళ్ళేసుకు కూకుంటే ఆడేటి సేత్తాడమ్మా? గుంట పిల్లలకి దాసుకునే సోటు ఒకటుంటాది. అది ఒకలు సూత్తుంటే ఎల్రు. ఏదైనా ఇనప సామాను ఇయ్యండి ఆడికి. ఇచ్చేసి అందరూ అటు తిరిగిపోండి."

తాతయ్య నాన్నమ్మ వంక తిరిగి, తిరిగిపోతే వాడు ఎక్కడికి వెళ్ళేదీ ఎలా తెలుస్తుందో అడగమన్నారు.

"సెవులున్నాయి కదా బాబూ," అంది ముసలమ్మ. "నాను ఏడుగుర్ని పెంచినాను. కళ్ళతో పెంచితే ఒక్కడూ మిగిలీవోడు కాడు."

నాన్నమ్మ వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. నాన్నమ్మ, నేను పెరటి వైపు తిరిగి నిలబడ్డాం. ముసలమ్మ కూడా గంప ముందు కూర్చుని ఇంటికి వీపు పెట్టింది. తాతయ్య ఒక్కరే మిగిలారు. రెండేళ్ళవాడి కోసం గోడకు తిరిగి నిలబడడం ఆయన జన్మలో ఎరగరు. వీధిలో డప్పులు దగ్గరవుతున్నాయి. చివరికి ఆయన కూడా తిరిగారు. తడిసిన పట్టుపంచెతో, నిటారుగా, చేతులు వెనక్కి కట్టుకుని గోడ వంక చూస్తూ నిలబడ్డారు.

అంత పొడుగైన కొద్దిసేపు నేను మళ్ళీ చూడలేదు. తమ్ముడు అట్లకాడతో నా పిక్క మీద కొట్టాడు. నేను కదల్లేదు. నాన్నమ్మ ముందుకు వచ్చి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె ఆకాశం చూసింది. తాతయ్య పంచె లాగాడు. ఆయన దగ్గారు, అంతే. వాడికి మా మీద ఆశ పోయింది. అప్పుడు మొదలైంది చప్పుడు. బండల మీద ఇనుము రాసుకుంటూ, గర్రు గర్రుమని. వసారా చివరిదాకా వెళ్ళింది. గడపకు తగిలి ఠంగుమంది. ఆ తరువాత చెక్క మీద పడింది.

ఆ పడిన చప్పుడు ఇల్లంతా మోగింది. మద్దెల మీద దరువేసినట్టు.

వసారా చివర ఉన్నది గాదె గది. అందులో నాకంటే మూడింతలు ఎత్తున్న చెక్క గాదె ఉంది. దాని అడుగున వడ్లు తీసుకోవడానికి చిన్న తలుపు. రోజూ తెల్లవారాక నాన్నమ్మ కుంచం పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళేది, తలుపు దగ్గరగా వేసుకునేది, కాసేపటికి కుంచం మీద గుడ్డ కప్పుకుని వచ్చేది. గాదెలో రెండేళ్ళ వడ్లున్నాయని ఊళ్ళో అనుకునేవారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నిండిన గాదెను తడితే మట్టిగోడను తట్టినట్టుంటుంది. ఇది అలా లేదు.

నాన్నమ్మ ముఖంలో రంగు మారింది. నాకది అర్థం కాలేదు. నేను గదిలోకి పరిగెత్తాను. తమ్ముడు అడుగు తలుపులోంచి సగం లోపలికి దూరి ఉన్నాడు. వాణ్ణి కాళ్ళు పట్టి బయటికి లాగి నేను దూరాను. లోపల నేను లేచి కూర్చోగలిగాను. చేతికి ఊక తగిలింది, బొద్దింకలు తగిలాయి. ఆ మూల వాడి సంపద అంతా ఉంది. నాన్నమ్మ సున్నపుకాయ, నాన్న గడ్డం గీసుకునే కుంచె, నా బలపం, సగం నాకిన బెల్లంముక్క, ఒక కొబ్బరిచిప్ప, వాటి మధ్య జానెడు తాళంచెవి.

తాళంచెవి పట్టుకుని వసారాలోకి వచ్చాను. దొరికిందని చెబితే సరిపోయేది. నేను చెప్పింది అది కాదు. తొమ్మిదేళ్ళవాడికి తాళంచెవి కంటే పెద్ద వింత కనబడింది కదా.

"తాతయ్యా, గాదెలో ఒక్క గింజ లేదు," అన్నాను.

తాతయ్య వీపు కదల్లేదు. నాన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెరట్లో ముసలమ్మ అలాగే వీపు మా వైపు పెట్టి కూర్చుని ఉంది. పది ఊళ్ళకు వార్తలు మోసే మనిషి. నేనేదో చేయరాని పని చేశానని అప్పుడు తెలిసింది, ఏమిటో పూర్తిగా తెలియకపోయినా.

ఆమె వెనక్కి తిరగకుండానే గంపలో చేపలు సర్దుతూ అంది. "ఏటన్నాడమ్మా సిన్నబాబు? నాకు ఎడం సెవి ఇనపడదు. తాళంసెవి దొరికిందేటి?"

దొరికింది అంది నాన్నమ్మ.

"అయితే ఇంకేటి, ఎల్లండి. ఘటమొచ్చేస్తన్నాది," అంది ముసలమ్మ. అప్పటికి కూడా తిరగలేదు. అంతకు క్షణం ముందు ఆ చెవులతోనే ఆమె అట్లకాడ వెంట వసారా చివరిదాకా వెళ్ళివచ్చింది.

తాతయ్య పంచె మార్చుకున్నారు. పెట్టె తెరుచుకుంది. ఘటం గుమ్మంలోకి వచ్చేసరికి పళ్ళెంలో వెండి కళ్ళు మెరుస్తున్నాయి. జనంలో కొందరు మెడలు సాచి చూశారు. చూసి తలలు దించుకున్నారు. నాన్నమ్మ పసుపునీళ్ళు పోసింది. డప్పులు మా గుమ్మంలో చాలాసేపు మోగాయి.

ఘటం ముందుకు సాగిపోయాక తాతయ్య వీధరుగు మీద కూర్చోలేదు. సరాసరి వెనక పెరట్లోకి వెళ్ళారు. నేను వెంట వెళ్ళాను, తిడతారేమోనని భయపడుతూనే. ముసలమ్మ బయలుదేరబోతోంది. నిండు గంప నెత్తికెత్తుకోవడానికి రెండో మనిషి చెయ్యి కావాలి. ఆ సాయం కోసం ఆమె వీధి వైపు చూస్తోంది. ఎప్పుడూ మా పనిమనిషి ఎత్తేది, ఆ రోజు పనిమనిషి కూడా ఘటం వెంట పోయింది.

తాతయ్య వెళ్ళి గంప అంచు కింద రెండు చేతులూ పెట్టారు.

ముసలమ్మ కంగారు పడింది. వద్దు బాబూ, నీసు వాసన, పండగ బట్టలు అని ఏదో అనబోయింది.

"ఎత్తు," అన్నారు తాతయ్య. ఆయన ఆమెతో మాట్లాడిన మొదటి మాట అది. నాకు తెలిసి ఆఖరిదీ అదే.

ఆమె గంప సర్దుకుని వెళ్ళిపోయింది. ఆయన చాలాసేపు చేతులు కడుక్కోలేదు. నన్ను తిట్టలేదు కూడా. తిడితే బాగుండేదని ఆ రోజంతా అనుకున్నాను. పడుకునే ముందు నాన్నమ్మ మాత్రం నా తల నిమురుతూ, ఇంట్లో కనిపించినవన్నీ నోటితో చెప్పడానికి కావు నాయనా అంది.

ఆ తరువాత ఏడెనిమిదేళ్ళ పాటు ముసలమ్మ మా ఊరు వస్తూనే ఉంది. మా గాదె సంగతి ఊళ్ళో ఎక్కడా వినబడలేదు. తాతయ్య పోయాక, గాదె చెక్కలు విప్పి బండికెత్తిన రోజున ఊరికి మొదటిసారి తెలిసింది. అప్పటికి దాచుకోవలసిన మనిషి లేరు. ఆ ముసలమ్మ పేరేమిటో నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అది కూడా నన్ను బాధపెడుతుంది.

మొన్నటి ఉదయం కేక మింగేసి, ఒక పెద్ద స్టీలు గరిటె మనవరాలి చేతిలో పెట్టాను. కోడల్ని అటు తిరగమన్నాను. ఎందుకని ఆమె అడగలేదు, టైము చూసుకుని విసుగ్గా తిరిగింది. నేను గోడ వైపు తిరిగాను. గోడకు ఇనుప సామాన్ల కొట్టువాడి క్యాలెండరు ఉంది. దాన్ని చూస్తూ నిలబడ్డాను. గరిటె నా మోకాలికి ఒకటి తగిలింది. తరువాత టైల్స్ మీద గీసుకుంటూ వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి నా గదిలోకి వెళ్ళింది. నా మంచం కింద ఠంగుమంది.

మంచం కింద నా ట్రంకు పెట్టె ఉంది. దాని వెనక ఏమున్నదీ నాకు తెలుసు. షుగరు ఎక్కువైందని డాక్టరు తీపి మానిపించి ఏడాదయింది. ఇంట్లో అందరికీ చెప్పి మానేశాను. మా కోడలు అప్పటి నుంచి నా కోసం టీ కూడా చప్పగానే తాగుతోంది. సాయంత్రం నడకకని వెళ్ళి బస్టాండు దగ్గర బెల్లం జీళ్ళు కొనుక్కుని, తిన్న కాగితాలు ట్రంకు వెనక దోపుతున్నాను. ఈ వయసులో, అలాంటి ఇంట్లో పుట్టి.

నేను అడుగు వేసేలోపే కోడలు గదిలోకి వెళ్ళింది. మంచం కిందికి వంగింది. కాగితాల గలగల వినబడింది. నేను క్యాలెండరు వైపు నుంచి తిరగలేదు. మా తాతయ్య వీపు ఆ రోజు ఎందుకు కదల్లేదో నాకు ఇన్నేళ్ళకు తెలిసింది.

కోడలు విజిల్‌తో, నిన్నటి నుంచి కనబడని నా కళ్ళజోడుతో బయటికి వచ్చింది. కళ్ళజోడు నా చేతికిస్తూ ముఖం వంటింటి వైపు తిప్పుకుంది.

"దొరికాయి మావయ్యగారూ. మంచం కింద చీకటి, ఇంకేవీ కనబడలేదు," అంది.

గదిలో ట్యూబులైటు వెలుగుతూనే ఉంది.

కుక్కరు కూసింది. క్యారేజీ సర్దింది. బస్సుకు ఐదు నిమిషాలు ఉందనగా ఆమె హ్యాండుబ్యాగు, నోటు పుస్తకాల కట్ట, క్యారేజీ సంచి అన్నీ ఒకేసారి అందుకోబోతుంటే, నేను మనవరాలిని చంకనేసుకుని, రెండో చేత్తో సంచీ, పుస్తకాల కట్టా అందుకున్నాను. ఈ ఇంటికి కోడలై వచ్చిన ఐదేళ్ళలో ఆమె సామాను నేనెప్పుడూ ముట్టుకోలేదు. వద్దు మావయ్యగారూ, మెట్లు, మీ మోకాళ్ళు అని ఏదో అనబోయింది.

"పద," అన్నాను.

చెప్పుల్లో ఒకటి యథాప్రకారం లేదు. ఉత్త కాళ్ళతోనే మెట్లు దిగి, వీధి చివర బస్సు దాకా ఆ బరువు మోసుకెళ్ళాను.